బ్రకోలీ వేస్తానన్న మేనల్లుడికి

ఒరే బాబూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, డెంకాడ వైపు ఎకరం కౌలుకు తీసుకుని బ్రకోలీ వేస్తున్నావట. భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తే హోటళ్ళు వస్తాయి, హోటళ్ళు వస్తే బ్రకోలీ కొంటారు అని నీ లెక్క. కాదనను. మన ఇంట్లో మళ్ళీ ఒకడు మట్టిలోకి దిగుతున్నాడని విన్నాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. సంతోషమో టెన్షనో నాకే తెలియలేదు. మీ మావయ్య అయితే "చోళ్ళు (రాగులు) వేసుకోమను, హాయిగా ఉంటాడు" అన్నారు. ఆయన మాటకేం గానీ, నేను చెప్పేది విను. బ్రకోలీ నేను పండించలేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ మాత్రం నాగావళి పక్కన ఏళ్ళ తరబడి పండించాను. మూడూ ఒక కుటుంబమే, ఒకదానికి వచ్చే తెగులు మిగతావాటికీ వస్తుంది.

నీకు తెలిసినవే ఒక్క ముక్కలో అనేస్తాను. నారుకి నెల నిండకముందే నాటెయ్యి. వరసకీ వరసకీ రెండడుగులు, మొక్కకీ మొక్కకీ అడుగున్నర ఉంచు. ఎరువు బాగా మాగినదే వెయ్యి. యూరియా దగ్గర చెయ్యి బిగించు.

ఇక నారు. మనకు అక్టోబరు అంటే నాకు ఇప్పటికీ గుండె దడే. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న. నువ్వు నారు పోసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. గాలికి నారు పోదు, ఆ తర్వాత పట్టే ముసురుకి పోతుంది. పొద్దున చూస్తే పచ్చగా ఉంటుంది, సాయంత్రానికి మొదలు దగ్గర నీరుపట్టి, నొక్కుకుపోయి, వరసకు వరసే పక్కకు వాలిపోతుంది. అదే నారుకుళ్ళు. అందుకని నారంతా ఒకేసారి పోయకు, పది రోజుల తేడాతో రెండు విడతలుగా పొయ్యి. మడులు జానెడు ఎత్తు ఉండాలి. ట్రేలలో కొబ్బరి పొట్టు పోసి పెంచితే ఇంకా మేలు, తుపాను వార్త వినగానే ఎత్తి వరండాలో పెట్టుకోవచ్చు. ట్రైకోడెర్మా అని మేలు చేసే బూజు పొడి దొరుకుతుంది, రెండు కిలోలు తెచ్చి 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్ళు చిలకరించి, గోనె కప్పి నీడలో ఉంచు. వారం పది రోజులకి దాని మీద పచ్చగా బూజు కడుతుంది. కంగారుపడి పారబొయ్యకు, మనకు కావలసింది ఆ బూజే. ఎకరం మడిలో అది వేసుకుంటే వేరుకుళ్ళుకి సగం అడ్డుకట్ట.

విత్తనం మీద కూడా తెగులు వస్తుంది. మామూలు విత్తనమైతే 50 డిగ్రీల వేడినీళ్ళలో 20 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్ళలో ముంచి ఆరబెట్టు. థర్మామీటరు లేకుండా, చేత్తో చూసి ఆ పని చెయ్యకు, కాస్త వేడెక్కువైతే మొలకే పోతుంది. ప్యాకెట్లో విత్తనం ఎరుపో గులాబీయో రంగులో ఉంటే దానికి ముందే మందు పట్టించారన్న మాట. దానికి మళ్ళీ వేడినీళ్ళ పని పెట్టకు.

నాటాక అసలు పని చూడడమే. ఆకు పైన లేత పసుపు మచ్చ కనిపిస్తే అక్కడే ఆగి ఆకు తిరగేసి చూడు. అడుగున తెల్లగా, బూడిదరంగులో నూగు ఉంటే బూజు తెగులు. పుష్యమాసం పొగమంచుకి, రాత్రి చలికి పెరుగుతుంది. గడ్డ కట్టే వేళకి ముదిరితే గడ్డ లోపల కాడలు కూడా నల్లబారతాయి, పైకి కనిపించదు, కోసినవాడికి కనిపిస్తుంది. ఇది అసలు శిలీంద్రం జాతి కూడా కాదట, నీళ్ళలో పాచికి దగ్గర చుట్టమట. అందుకే అందరూ కొట్టే శిలీంద్రాల మందు కార్బెండజిమ్ కొడితే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ముందుగానైతే మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, కనిపించాకైతే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు 2 గ్రాములు. ఆ రెండోదాన్ని మాటిమాటికీ కొడితే తెగులు దానికి అలవాటుపడిపోతుంది, మార్చి మార్చి కొట్టాలి.

మచ్చ గోధుమరంగులో, గుండ్రంగా, వలయంలో వలయంలా ఉంటే అది ఆకుమచ్చ. ముదురాకుల్లో మొదలవుతుంది. ఆ ఆకులు కోసి పొలం బయట కాల్చెయ్యి. తడి ఎక్కువైతే గడ్డ మీద కూడా గోధుమ మచ్చలు పడతాయి, అప్పుడు హోటలువాడు కాదు, పశువు కూడా తినదు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. వాడు నీకు చెప్పి ఉండడు. నువ్వు మూడో తరగతిలో ఉన్న ఏడు వాడు కాలీఫ్లవర్ వేశాడు. పంట చూస్తే దిష్టి తగిలేలా ఉంది. సంక్రాంతి ముందు ఆకు అంచున పసుపు మొదలైంది. అంచు దగ్గర వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా, వి ఆకారంలో. ఈనెలు నల్లగా. వాడు ఆకు కోసుకెళ్ళలేదు. మందుల షాపుకు వెళ్ళి "ఆకు పసుపుబారుతోంది" అన్నాడు, షాపతను బూజు మందు చేతిలో పెట్టాడు. తగ్గలేదు. వారానికి ఇంకో మందు, అంతకన్నా ఖరీదైనది. ఆ తర్వాత రెండూ కలిపి. నేను వెళ్ళి ఆకు తిరగేసి చూశాను, అడుగున నూగు లేదు. "ఇది బూజు కాదురా" అన్నాను. "అప్పా, డబ్బులు పెట్టి కొన్నాను, పని చెయ్యకుండా ఎలా ఉంటుంది" అన్నాడు. మీ మావయ్య ఒక మొక్క పీకి కాడ అడ్డంగా కోశారు. లోపల నల్లటి వలయం.

అది నల్లకుళ్ళు. బ్యాక్టీరియా తెగులు. బూజు మందు దాన్ని ఏమీ చెయ్యదు. మందు వృథా అయితే డబ్బే పోయేది, ఇక్కడ పంటే పోయింది. మీ నాన్న తెల్లారకముందే, మంచు ఆరకముందే, స్ప్రేయర్ వీపున వేసుకుని వరసల్లో తిరిగేవాడు. ఆ తెగులు తడి ఆకు నుంచి తడి ఆకుకి పాకుతుంది, చేతికీ చొక్కాకీ అంటుకుని పోతుంది. వాడు నడిచిన వరసలే ముందు పోయాయి. కోపంతో మొక్కలు పీకి కాలువ గట్టున పడేస్తే, ఆ నీళ్ళు పారిన పక్క మడికీ వచ్చింది. ఆ ఇంటివాళ్ళు మనతో చాలాకాలం మాట్లాడలేదు. అంతటితో ఆగాడా? పోయింది పోయినచోటే రాబట్టాలని మరుసటి ఏడు అదే మడిలో క్యాబేజీ వేశాడు. మట్టిలో కుళ్ళిన మొదళ్ళు అలాగే ఉన్నాయి. మళ్ళీ అంతే. మీ అమ్మ గాజులు బ్యాంకుకు వెళ్ళింది అప్పుడే. ఆ అప్పు తీరేదాకా వాడు పొలం గట్టు ఎక్కలేదు. నిన్ను చదువుకి పంపించెయ్యాలని వాడు పట్టుబట్టింది ఎందుకో ఇప్పుడైనా అర్థమైందా? నువ్వు పొలం అనగానే ముఖం మాడ్చుకున్నాడని వాడి మీద కోపం పెట్టుకోకు. వాడికి నీ మీద నమ్మకం లేక కాదు.

కాబట్టి డబ్బా మూత తియ్యకముందు రోగం పేరు తెలియాలి. తెలియకపోతే ఆకు, కాడ, వేరు మూడూ కవరులో వేసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్ళు, వాళ్ళూ తేల్చకపోతే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్ళు. ఫోటో చాలదు. కాడ లోపల బోలుగా ఉండి నలుపు లేకపోతే అది తెగులు కూడా కాకపోవచ్చు, బోరాన్ అనే పోషకం తక్కువైనా అలా అవుతుంది. ఆకు తడిగా ఉండగా మడిలో కాలు పెట్టకు, కూలివాళ్ళనీ పెట్టనివ్వకు. నీళ్ళు డ్రిప్‌తోనే, అదీ పొద్దున పూటే. స్ప్రింక్లర్ సబ్సిడీలో వస్తోందని ఆశపడ్డావో, నేనే వచ్చి పీకించేస్తాను.

మందు కొట్టవలసి వస్తే జిగురు మందు కలపడం మరిచిపోకు. ఈ ఆకుల మీద మైనం పూత ఉంటుంది. చేమాకు మీద బొట్టులా మందు జారి మట్టిలో పడిపోతుంది, నువ్వేమో కొట్టేశాననుకుంటావు. ఆకు అడుగున కూడా తడవాలి.

పురుగు కోసం గట్టు వెంట ఆవాలు వెయ్యమని ఎవరైనా చెబుతారు. పురుగుకి అది మంచి మాటే. కానీ ఆకుమచ్చ ఆవాలకీ వస్తుంది. మచ్చ కనబడిన రోజే ఆవాలు పీకెయ్యి. పంట అయ్యాక ఆ మడిలో రెండు మూడేళ్ళు క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు ఏవీ వద్దు. చోళ్ళో నువ్వులో గోగో వేసుకో. మీ మావయ్య మాట అక్కడ చెల్లుతుంది. కౌలు కాబట్టి అంతకుముందు ఆ మడిలో ఏం వేశారో సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకో, పొలం వాళ్ళని కాదు, పక్క పొలం వాళ్ళని.

గడ్డ కోసేటప్పుడు కాడని ఏటవాలుగా కొయ్యి. బల్లపరుపుగా కోస్తే మొదలు మీద నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది, పిలకగడ్డలు రావు. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అన్ని రోజులూ ఆగు. క్యాబేజీకైతే పై ఆకులు ఒలిచేస్తాం, దీనికి ఒలిచేదేమీ లేదు, మొగ్గల సందుల్లో మందు అలాగే ఉంటుంది. పైగా వీటిని సగం ఉడికించి తింటారట. రేటు బాగుందని రెండు రోజులు ముందు కోసి పంపావని నా చెవిన పడితే ఊరుకోను.

ముఖానికి గుడ్డ, చేతులకి గ్లౌజులు. మందు కొట్టిన చొక్కా మీ అమ్మ బట్టల్లో కలపకు. ఈ ఏడు అర ఎకరం చాలు, మిగతా అర ఎకరంలో చోళ్ళు వెయ్యి. విత్తనం కొన్నాక ప్యాకెట్ రెండు వైపులా ఫోటో తీసి పంపు, చూశాకే నారు పోద్దువు గాని. ఈ ఉత్తరం మీ నాన్న ఎదుట చదవకు.

మీ అత్త