ఒరేయ్ చిన్నోడా, 98 చూసి మాత్ర ఆపకు

ఒరేయ్ చిన్నోడా, నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రిపోర్టు చూశాను. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 98 వచ్చింది పెదనాన్నా, ఇంక ఆ కొలెస్ట్రాల్ మాత్ర ఆపేస్తా అన్నావు చూడు, అక్కడే నాకు మండింది. మాత్ర వేసుకోబట్టే కదరా 98 వచ్చింది. 52 ఏళ్ళొచ్చినా నువ్వు నాకు చిన్నోడివేలే గానీ, నీలాగే కిడ్నీలు మందగించి పన్నెండేళ్ళుగా అవస్థపడుతున్నవాణ్ణి, కాస్త విను.

కిడ్నీలు మందగించినవాళ్ళకి ఎల్‌డీఎల్ చాలాసార్లు మామూలుగానే కనిపిస్తది, అసలు గొడవంతా మిగతా లైన్లలో ఉంటది. ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వుని కరిగించే ఎంజైమ్ సరిగ్గా పనిచెయ్యక అవి రక్తంలో పేరుకుపోతాయి, హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ పడిపోద్ది, ఉన్న ఎల్‌డీఎల్ కూడా సన్న రేణువులుగా మారి రక్తనాళాల గోడల్లోకి దూరుతుంది. నీకు ట్రైగ్లిజరైడ్స్ 260, హెచ్‌డీఎల్ 32, అవి కంటికి ఆనలేదా? యూరిన్‌లో ప్రోటీన్ బాగా పోయేవాళ్ళది ఇంకో కథ, పోయినదాన్ని పూడ్చాలని లివర్ ఎక్కువ పనిచేస్తూ కొలెస్ట్రాల్ మోసే రేణువుల్ని కూడా ఎడాపెడా తయారుచేస్తది, వాళ్ళకి ఎల్‌డీఎల్ కూడా బాగా పెరుగుద్ది. అందుకే ఈసారి లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్టు)తో పాటు, యూరిన్‌లో ఆ ప్రోటీన్ ఎంత పోతోందో చూసే ఆల్బుమిన్ టెస్టు కూడా చేయించు.

2011లో షార్ప్ అని పెద్ద స్టడీ వచ్చింది, 9 వేల మందికి పైగా కిడ్నీ పేషెంట్లు, కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్, ఎజెటిమైబ్ మందులు కలిపి ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి 17 శాతం దాకా తగ్గాయి. కిడ్నీ పాడవడం మాత్రం దాంతో ఆగలేదు, అది ఒప్పుకోవాలి. కానీ మనలాంటోళ్ళలో చాలామందిని డయాలసిస్ కంటే ముందు గుండే తీసుకుపోద్ది. డయాలసిస్ దాకా వచ్చాక కొత్తగా మొదలెడితే పెద్ద లాభం కనపళ్ళేదు, ముందునుంచి వేసుకునేవాళ్ళని మాత్రం కొనసాగించమంటారు. కాబట్టి వేసుకోవాల్సింది ఇప్పుడే.

ఒళ్ళు నొప్పులొస్తే చెప్పకుండా మానెయ్యకు, డాక్టర్ని అడిగితే డోసు తగ్గిస్తారో సిమ్వాస్టాటిన్ లాంటిదే వేరే స్టాటిన్ మాత్ర ఇస్తారో చూస్తారు. ఇంకోటి, నాకు ఒకాయన ట్రైగ్లిజరైడ్స్ కోసమని ఫెనోఫైబ్రేట్ రాశాడు, కిడ్నీ సంగతి ఆయన అడగలేదు నేను చెప్పలేదు, నెలన్నరకి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష అంకె) 1.6 నుంచి 2.0కి పోయింది, మీ పెద్దమ్మ ఏడుపు మొదలెట్టింది. అది ఆ మందు వల్ల పెరిగిందని కిడ్నీ డాక్టరు ఆపించాక మళ్ళీ దిగింది. నువ్వు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు క్రియాటినిన్ ఎంతో చెప్పి ఆ తర్వాతే కూర్చో.

ఆదివారం పాత రిపోర్టులన్నీ తేదీలవారీగా పట్టుకురా, ఆవకాయ జాడీ మాత్రం తేవద్దని మీ అమ్మకి చెప్పు.