కోయి చేపలను కొత్త ఇంటికి మార్చేటప్పుడు మేత పెట్టాలా?

వద్దు, తరలించడానికి ఒకటి రెండు రోజుల ముందే మేత ఆపేయండి, కొత్త తొట్టిలో వదిలిన రోజు కూడా ఏమీ వేయకండి. మేత అరిగేకొద్దీ చేప మొప్పల నుంచి అమ్మోనియా (చేపకే విషమయ్యే వ్యర్థం) వదులుతుంది, ఆక్సిజన్ కూడా ఎక్కువ వాడుకుంటుంది. మూతి కట్టిన కవర్లో ఉండేవే కొన్ని నీళ్లు, విసర్జన కూడా అందులోనే. మే నెల ఎండలో హన్మకొండ నుంచి కరీంనగర్‌కు ఇల్లు మారుతున్నారనుకోండి: పొద్దున మేసిన చేపైతే దారిలోనే నీళ్లు మురికి పడతాయి, పైగా వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ. పస్తుంటే చచ్చిపోతుందేమోనని టెన్షన్ పడి చాలామంది బయలుదేరే ముందే గుప్పెడు మేత వేస్తారు. ముప్పంతా అక్కడే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోయి వారం రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది. కొత్త ఫిల్టర్‌లో ఈ అమ్మోనియాను విరిచేసే, మేలు చేసే బ్యాక్టీరియా ఇంకా పెరిగి ఉండదు కాబట్టి, తర్వాత కూడా రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వేసి, మిగిలింది తీసేయండి.