రంగం వెళ్ళిన మా ముత్తాత జాడ ఎలా దొరికిందంటే

గంజాం నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి తిరిగి రాని ముత్తాత గురించి ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో ఒక్క కాగితం కూడా లేదు అని అడిగారు కదా, మాదీ బరంపురమే, మా ముత్తాత కూడా గోపాల్‌పూర్‌లో ఓడెక్కి వెళ్ళినవాడే, అందుకే వెంటనే రాస్తున్నా.

ముందు ఆఫీసులకి వెళ్ళకండి. మీ ఇంట్లో ఆయన తద్దినం ఏ తిథికి పెడతారో అడగండి. మాకు మాఘ అమావాస్యకి పెడతారు, చిన్నప్పటి నుంచి చూస్తున్నా కానీ ఎందుకో తెలీదు, ఆ మాట ఎత్తితే తాత లేచి వెళ్ళిపోయేవాడు. పోయిన తిథి తెలియనివాళ్ళకి అలా అమావాస్యకి పెడతారని మా పురోహితుడు గారు చెప్పారు. జాతకం ముక్క ఏమైనా ఉంటే అందులో సంవత్సరం పేరు చూడండి. మాదాంట్లో శోభకృతు అని ఉంది, 60 ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి 1903-04 కావాలి లేదా 1963-64 కావాలి, తాత వయసు చూస్తే మొదటిదే.

తర్వాత దస్తావేజు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ, మావాళ్ళ పాత కాగితాలన్నీ తెలుగే. ఇప్పటి భూలేఖ్‌లో, అంటే ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటులో, మా ఇంటిపేరే లేదు, పేరు చివర పాత్రో అని తగిలించి ఉంది, అక్కడ ఎంత వెతికినా దొరకలేదు. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ అడగండి, ఒకటోది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తిని బట్టి ఉంటుంది, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ కింద ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. నన్ను ఒకచోట మూడుసార్లు తిప్పారు, బయటికొచ్చి ఏడ్చేశాను, నాలుగోసారి సెక్షన్ నంబరు అర్జీలో రాసి ఇస్తే అప్పుడు తీశారు.

నకలు మొత్తం గొలుసుకట్టు రాత. మా పెద్దనాన్న భూతద్దం పెట్టుకుని వేలితో ఒక్కో అక్షరం విడదీసుకుంటూ సాయంత్రం దాకా చదివాడు. 1934లో 30 సెంట్లు, కొన్నది మా తాతమ్మ పేరున, "రంగములో కొలువు చేయుచున్న" ఫలానా వారి భార్య అని రాసి ఉంది. ఆయన అక్కడ ఇంకో సంసారం పెట్టుకుని వీళ్ళని మర్చిపోయాడనే ఊళ్ళో అందరూ అనేవాళ్ళు, తాత అది వింటూనే పెరిగాడు.

హద్దులు మాత్రం అస్సలు వదలకండి. మా కాగితంలో తూర్పు హద్దు దగ్గర ఉన్న పేరు పట్టుకుని వెతికితే వాళ్ళ మనవలు ఛత్రపురంలో దొరికారు, వాళ్ళ తాత కూడా రంగంలో బియ్యం మిల్లులో చేసినవాడట. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక జనం అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, టాము మీదుగా ఇంఫాల్ వైపు నడిచే వచ్చారు కదా, వీళ్ళిద్దరూ కలిసే బయల్దేరారట, మా ముత్తాతకి దారిలో కలరా తగిలింది. వాళ్ళ తాత ఊరొచ్చి చెప్తే మా తాతమ్మ నమ్మలేదట, వస్తాడనే చాలా ఏళ్ళు చూసిందట.

తాతకి ఇప్పుడు 90 దాటాయి. నకలు చదివి వినిపిస్తే "డబ్బు పంపాడా" అని రెండుసార్లు అడిగాడు.

మీ ఇంట్లో తద్దినం తిథి కనుక్కుని ఇక్కడ రాయండి. దస్తావేజు దొరికితే ఫోటో పెట్టండి, గొలుసుకట్టు ఇప్పుడు నాకూ కొంచెం చదవడం వచ్చు, మిగతాది పెద్దనాన్నతో చదివిస్తా.