మా వాడు ఉద్యోగం వద్దు, కోచ్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, డివిజన్ 3 (అమెరికా కాలేజీ ఆటల్లో మూడో అంచె) కాలేజీలో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడాడు, మేలో ఎకనామిక్స్ డిగ్రీ అయిపోతుంది. చేతికొచ్చిన ఉద్యోగం కాదని కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడు. ఎన్‌బీఏ (ఇక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఆడనివాణ్ని కోచ్‌గా ఎవరు తీసుకుంటారు?

జవాబు: తీసుకుంటారండీ. ఎన్‌బీఏ ఆడకుండానే అక్కడ కోచ్ అయిన బ్రాడ్ స్టీవెన్స్ సంగతి చూడండి, మొదలు అచ్చం మీ వాడిలాగే ఉంటుంది. ఇండియానాలో డిపా యూనివర్సిటీకి ఆడాడు, అదీ డివిజన్ 3యే, ఆటకు స్కాలర్‌షిప్ కూడా ఉండదు. 1999లో ఎకనామిక్స్ డిగ్రీ, ఆ తర్వాత ఎలై లిల్లీ మందుల కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగం. 2000లో అది వదిలేసి బట్లర్ యూనివర్సిటీ టీమ్‌లో జీతం లేని పనికి వెళ్లాడు. 2007లో, 30 ఏళ్లకే అక్కడ హెడ్ కోచ్ అయ్యాడు. 2010, 2011లో ఆ చిన్న కాలేజీని వరసగా ఎన్‌సీఏఏ (కాలేజీల జాతీయ టోర్నమెంట్) ఫైనల్‌కు తీసుకెళ్లాడు, మొదటిసారి డ్యూక్ యూనివర్సిటీ చేతిలో ఓడింది రెండే పాయింట్ల తేడాతో. 2013లో ఎన్‌బీఏ టీమ్ బోస్టన్ సెల్టిక్స్ పిలిచి కోచ్‌ని చేసింది.

మీ వాడూ అంతవాడవుతాడని నేను మాటివ్వలేను. నేను చూడమనేది 2000కీ 2007కీ మధ్య ఏడేళ్లను. కింది స్థాయి కోచింగ్ అంటే రాత్రంతా ఎదుటి టీమ్ వీడియోలు కట్ చేయడం, బస్సులూ హోటళ్లూ చూసుకోవడం, మా టీమ్‌లో చేరమని హైస్కూల్ పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఫోన్లు చేస్తూనే ఉండడం. ఆడటం ఇష్టమున్న వాళ్లందరికీ ఇది నచ్చదు. మీ వాడికి నచ్చుతుందో లేదో మీకూ నాకూ తెలియదు, చేసి చూస్తే వాడికే తెలుస్తుంది.

అందుకే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టులకు అప్లై చేయమనండి. టీమ్‌తో పనిచేస్తూ మాస్టర్స్ చదవచ్చు, చాలా చోట్ల ఫీజు మాఫీ చేసి కొంత స్టైపెండ్ ఇస్తారు, మాస్టర్స్ ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి రెండేళ్ల తర్వాత వెనక్కి వచ్చినా ఏమీ పోదు. స్టైపెండ్‌తో అద్దె గడవకపోవచ్చు, మీరెంత సర్దగలరో ఇప్పుడే అంకెతో సహా చెప్పేయండి, తర్వాత దెప్పొద్దు. ఈ పోస్టులు ఎక్కువగా తెలిసినవాళ్ల మాట మీదే దొరుకుతాయి, కాబట్టి ఈ వారమే తన కాలేజీ కోచ్ దగ్గరికెళ్లి కూర్చోమనండి. ఆఫర్ ఇచ్చిన కంపెనీని చేరే తేదీ కొన్ని నెలలు జరపగలరా అని కూడా అడగమనండి.