క్రైసావు మ్యాపులో ఎందుకు దొరకట్లేదంటే

ప్రష్యా సేనాధిపతి మోల్ట్కే 1867లో కొన్న ఎస్టేటు ‘క్రైసావు’ మ్యాపులో కనబడట్లేదన్నారు కదండీ. అది జర్మన్ పేరు. 1945లో ఆ ప్రాంతం పోలండ్‌కి దక్కాక ఊరు ‘క్షిజోవా’ అయింది. స్పెల్లింగు కె-ఆర్-జెడ్‌తో మొదలవుతుంది, పలికేది మాత్రం ‘క్షి’. అక్కడే మనం బోల్తా పడేది!

మీరు వెతికితే వచ్చిన, బొలెస్లావియెత్స్ పట్టణం దగ్గరి క్షిజోవా వేరే ఊరు, దాని పాత పేరు క్రైబావు. మనకు కావలసిన క్షిజోవా కోసం పేరు పక్కన దగ్గరి పట్టణం ‘ష్విద్నిత్సా’ అని కూడా కొట్టండి. వ్రోత్స్వాఫ్ నగరానికి నైరుతిన, పిలావా అనే చిన్న నది ఒడ్డున తేలుతుంది. 1989 నవంబరులో పోలండ్ ప్రధాని మజోవియెత్స్కీ, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ కలిసి ప్రార్థనలో పాల్గొన్నది ఈ ఊళ్ళోనే.

పక్కనున్న జెర్జోనియూఫ్ పట్టణంతోనూ జాగ్రత్త, దాని పేరూ మారింది. పాత మ్యాపుల్లో అది రైఖెన్‌బాఖ్. తేనెటీగలు పెంచిన ఫాదర్ జెర్జోన్ పేరు పెట్టారు!