టంగ్‌స్టన్, కార్బన్ పొరల ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. టంగ్‌స్టన్, కార్బన్ పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి వేసి, అవి కలిసే చోటు ఎంత శుభ్రంగా ఉందో కొలిచే ప్రాజెక్టు ఇచ్చారు. ఇంత చిన్న విషయం పట్టుకుంటే బతుకుతెరువు దొరుకుతుందా? సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమని బంధువులు అంటున్నారు.
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: అమ్మాయిని ఆ ప్రాజెక్టు చేయనివ్వండి. విషయం చిన్నదేమీ కాదండీ.

ఎక్స్‌రేలు మామూలు అద్దాలకు లొంగవు. అందుకే లోహం ఒక పొర, కార్బన్ ఒక పొర చొప్పున పదుల జతలు పేర్చి, ప్రతి సరిహద్దు నుంచీ వచ్చే కాస్తంత ప్రతిఫలనాన్ని కూడగడతారు. నాసా 2012లో పంపిన నూస్టార్ టెలిస్కోపులో లోపలి వరస అద్దాలకు వేసింది ప్లాటినం, కార్బన్ పొరలే. ఒక జత మందం 3 నానోమీటర్లు అనుకోండి (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). సరిహద్దు 0.5 నానోమీటరు మేర చెదిరితే ప్రతిఫలనం ఉండాల్సినదాంట్లో మూడో వంతుకు పడిపోతుంది. 0.3 దగ్గర ఆపగలిగితే మూడింట రెండు వంతులు దక్కుతుంది. ఆ తేడా ఒక్క టంగ్‌స్టన్ పరమాణువంత కూడా లేదు.

సరిహద్దు రెండు రకాలుగా చెడుతుంది. గరుకుగా తయారవుతుంది, లేదా రెండు పదార్థాలూ ఒకదాంట్లోకి ఒకటి ఇంకిపోతాయి. ఏ కోణంలో ఎంత ఎక్స్‌రే ప్రతిఫలించిందో చూపే మామూలు ఎక్స్‌రే రిఫ్లెక్టివిటీ గ్రాఫులో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. సన్నని సూదితో తడిమి చూసే మైక్రోస్కోపు ఏఎఫ్‌ఎం పైతలాన్నే చూస్తుంది. పక్కలకు చెదిరిపోయే ఎక్స్‌రేలను (డిఫ్యూజ్ స్కాటరింగ్) కొలిస్తేనో, పొరలను అడ్డంగా కోసి టీఈఎం అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తేనో తేలుతుంది. తేల్చకుండా వదిలేస్తే కుదరదు, ఎందుకంటే ఆర్గాన్ అయాన్లతో కొట్టి పరమాణువులను ఊడగొట్టి పొరలు వేసే స్పటరింగ్‌లో ఆర్గాన్ వాయువు ఒత్తిడి తగ్గిస్తే గరుకు తగ్గవచ్చు గానీ ఇంకిపోవడం ముదిరే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె రాసుకొచ్చి, "అది గరుకే అని నీకెలా తెలుసు?" అని ఇంటర్వ్యూలో అడగ్గానే నోరు పెగలని పిల్లల్ని చూశాను. చాలా బాధేసింది, కష్టపడని వాళ్లు కారు వాళ్లు.

కాబట్టి గైడ్‌ను ముందే ఒకటి అడగమనండి: కొలతలు నా చేత్తో చేయనిస్తారా, లేక వేరేచోట కొలిచి పంపిన ఫైలే ఇస్తారా? రెండోదైతే మరో ప్రాజెక్టు చూసుకోవడం మేలు.

ఇక ఉద్యోగం. అచ్చంగా లోహం, కార్బన్ పొరల పేరుతో వచ్చే కొలువులు తక్కువ, ఎమ్మెస్సీతోనే ఆగితే ఇంకా తక్కువ. పీహెచ్‌డీ దాకా వెళ్తే దారి విశాలం. ఇండోర్‌లోని ఆర్‌ఆర్‌క్యాట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఇండస్-2 సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి తీవ్రమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) ఉంది, ఇలాంటి ఎక్స్‌రే అద్దాల మీద పని అక్కడ జరుగుతుంది. పీహెచ్‌డీలో చేరడానికి పనికొచ్చే జెస్ట్, గేట్, నెట్ పరీక్షల మీద ఇప్పటినుంచే దృష్టి పెట్టాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, మీ మీద భారం పడదు. చిప్‌ల పరిశ్రమకూ ఈ నేర్పే కావాలి. అతినీలలోహిత కాంతితో చిప్‌ల మీద అతి సన్నని గీతలు ముద్రించే అక్కడి ఈయూవీ యంత్రాల్లో అద్దాలు మాలిబ్డినం, సిలికాన్ పొరలతో చేస్తారు, తలనొప్పి మాత్రం ఇదే.

ఇంటి పరిస్థితి వెంటనే జీతం కోరుతుంటే మాట వేరు, అది దాచకుండా అమ్మాయితో చెప్పండి. అప్పుడైనా ప్రాజెక్టు మానాల్సిన పని లేదు. గ్రాఫుల విశ్లేషణ పైథాన్‌లో సొంతంగా రాసుకుంటే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లినా అది అక్కరకొస్తుంది.