మన ఎండకు నిలిచే లిల్లీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి లిల్లీల మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు తీసుకున్నాం.

ప్రశ్న: ఓరియెంటల్ లిల్లీ దుంపలు ఆన్‌లైన్‌లో తెప్పించి డిసెంబరులో నాటాం. మార్చిలో చక్కగా పూశాయి. దుంపల్ని కుండీల్లోనే ఉంచేశాం. ఈ ఏడాది సగం కుళ్లిపోయాయి, మొలిచినవి జానెడు పెరిగి ఆగిపోయాయి. ఏం పొరపాటు చేశాం? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: పొరపాటు మీది కాదమ్మా, వాతావరణం ఆ మొక్కకు సరిపడదు. ఓరియెంటల్, ఏషియాటిక్ రకాలు చలిదేశపు లిల్లీలు. వాటి దుంపకు 2 నుంచి 5 డిగ్రీల చలి ఆరు నుంచి ఎనిమిది వారాలు తగిలితేనే పూకాడ సరిగ్గా సాగుతుంది. మీ చేతికొచ్చిన దుంపల్ని ముందే కోల్డ్ స్టోరేజీలో ఉంచి పంపుతారు కాబట్టి మొదటిసారి పూశాయి. నెల్లూరులో సంక్రాంతి రోజుల్లో కూడా రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, ఇక రెండో ఏడాదికి చలి ఎక్కడిది? దక్షిణాదిలో ఈ జాతి అడవిమొక్క నీలగిరుల్లాంటి ఎత్తు కొండల మీదే దొరుకుతుంది.

కుళ్లడానికి కారణం వేరు. ఈ దుంపకు ఉల్లిగడ్డలా పైపొర ఉండదు, రెబ్బలు బయటికే ఉంటాయి. మనకు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే కుండీ రోజుల తరబడి తడిసే ఉంటుంది. ఆ తడికి రెబ్బలు మెత్తబడి మొదలంటా పోతాయి. వాన తప్పించుకున్న దుంపలు కూడా చిక్కిపోతాయి. పూశాక ఆకులు కనీసం రెండు నెలలు చల్లటి వాతావరణంలో పచ్చగా ఉండాలి, అప్పుడే దుంప మళ్లీ నిండుతుంది. ఏప్రిల్ ఎండకు మన దగ్గర ఆకులు ముందే పండిపోతాయి.

అయినా ఆ పూలే కావాలనుకుంటే ఓరియెంటల్ వదిలేసి ఏషియాటిక్ గానీ ఎల్ఏ హైబ్రిడ్ (లాంగిఫ్లోరమ్, ఏషియాటిక్ లిల్లీల సంకరం) గానీ కొనండి. ఇవి వేడికి కాస్త ఓర్చుకుంటాయి, పూతకు కూడా త్వరగా వస్తాయి. వానలు తగ్గాక డిసెంబరు మొదట్లో 12 అంగుళాల లోతైన కుండీకి మూడు దుంపలు నాటండి. ఎర్రమట్టి, ముతక ఇసుక, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి రెండు గుప్పెళ్ల వర్మికంపోస్టు వేస్తే చాలు. దుంప మీద 10 సెంటీమీటర్ల మట్టి ఉండాలి, ఎందుకంటే దుంపకు పైన, కాడ నుంచి కూడా వేళ్లు పుడతాయి. పైపైన నాటితే ఆ వేళ్లు రాక, మొగ్గలొచ్చే వేళకి కాడ పక్కకు ఒరుగుతుంది. ఉదయం ఎండ మాత్రమే తగలనివ్వండి.

రెండో ఏడాది కోసం దుంపలకు ఫ్రిజ్‌లో చలి ఇవ్వవచ్చు. పిండితే నీళ్లు కారనంత తడి ఉన్న కొబ్బరిపొట్టులో దుంపలు పెట్టి, చిల్లులు పొడిచిన కవరులో కూరగాయల అరలో ఎనిమిది వారాలు ఉంచాలి. ఆ అరలో యాపిల్, అరటి ఉండకూడదు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. ఇంత చేసినా రెండో ఏడాది పూలు తక్కువే. వీటిని ఒక్క సీజను పూలుగా లెక్కేసుకోవడం మంచిది. ఏటా పూసే లిల్లీ కావాలంటే ఆ డబ్బు ఎమరిల్లిస్ మీద పెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో ఎర్ర ఎమరిల్లిస్ కుండీలు ఎనిమిది ఉన్నాయి. ఆకులు ఏపుగా ఉన్నాయి, రెండేళ్లుగా ఒక్క పువ్వు లేదు. ఇప్పుడు నల్ల గొంగళిపురుగులు కూడా పట్టాయి. (ఒక పాఠకుడు, కందుకూరు)

జవాబు: ముందు పురుగు సంగతి, దానికి ఆగే సమయం లేదు. నల్లటి ఒంటి మీద తెల్లచుక్కలు, నారింజ చుక్కలు ఉంటే అది లిల్లీ పురుగే. తల్లి రెక్కలపురుగు ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు మొదట ఆకు పొరను గీకి తింటాయి. ఆ చోట ఆకు పల్చబడి, ఎత్తి చూస్తే అవతలి వెలుతురు కనిపిస్తుంది. ఆ దశలో ఆ ఆకు ముక్కను కత్తిరించి సబ్బునీళ్లలో పడేస్తే పని అయిపోతుంది. వదిలేస్తే పెద్దవై, ఆకుల సందునుంచి మెడలోకి దిగి దుంపనే తొలుస్తాయి. ఇప్పుడు మీరు సాయంత్రం పూట టార్చి పట్టుకుని ఏరేయండి, ఆకుల మొదళ్లు విడదీసి మరీ చూడండి. తర్వాత లీటరు నీటికి 1500 పీపీఎం వేపనూనె 5 మి.లీ., రెండు చుక్కలు సబ్బు ద్రావణం కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. ఎక్కువగా ఉంటే బీటీ (గొంగళిపురుగుల్ని చంపే బాక్టీరియా మందు) పొడి లీటరుకు 2 గ్రాములు, ఎండ తగ్గాకే. బీటీ ఎండలో పనిచేయదు, పెద్ద పురుగు మీద కూడా అంతగా పనిచేయదు.

ఇక పూత. ఈ దుంప లోపల నాలుగేసి ఆకులకు ఒక పూమొగ్గ చొప్పున ఏర్పడుతుంది. అది బయటపడటానికి ఏడాది దాకా పడుతుంది. అంటే వచ్చే మార్చిలో పూయాల్సిన మొగ్గ ఈ ఏడాది ఆకులు పెరుగుతున్నప్పుడే లోపల తయారవుతోంది. అందం కోసం ఆకులు కోసేసేవాళ్లు, పురుగు తినేదాకా ఊరుకునేవాళ్లు పోగొట్టుకునేది ఆ మొగ్గనే. ఆకులు ఏపుగా ఉండి పూయడం లేదంటే మూడు చూడాలి: నీడ, యూరియా, విశ్రాంతి లేకపోవడం. రోజుకు నాలుగైదు గంటల ఎండ తప్పనిసరి. యూరియా పూర్తిగా మానేయండి. నెలకోసారి కుండీకి గుప్పెడు మాగిన పశువుల ఎరువు, చెంచా ఎముకల పొడి, చెంచా బూడిద వేస్తే సరిపోతుంది.

మన దగ్గర అసలు చిక్కు విశ్రాంతిలోనే ఉంది. దుంప ఎండు మట్టిలో నిద్రపోవాల్సిన వేళకు ముందు మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. అందుకే నవంబరు చివర కుండీల్ని చూరు కిందికో సన్‌షేడ్ కిందికో మార్చి, నీళ్లు ఆపేయండి. ఆకులు వాటంతటవే పండి వాలిపోతాయి. ఎనిమిది వారాలు అలాగే ఉంచి, ఫిబ్రవరి మొదట్లో పైన రెండు అంగుళాల మట్టి తీసి కొత్త ఎరువుమట్టి నింపి, ఒక్కసారి బాగా తడిపి ఎండలో పెట్టండి. మొలక కనిపించేదాకా మళ్లీ నీళ్లు వద్దు. నాటేటప్పుడు దుంపలో మూడో వంతు మట్టి పైకి కనిపించాలి. ఎనిమిది కుండీల్లో ఉన్నవి చిన్న పిలకలైతే మాత్రం, ఏం చేసినా రెండు మూడేళ్లు ఆగాల్సిందే.

ఆకుల మీద, కాడ మీద ఎర్రటి మచ్చలు గీతలుగా సాగుతుంటే అది బూజు తెగులు. మచ్చపడ్డ ఆకులు తీసి కాల్చేయండి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి.

ప్రశ్న: రెయిన్ లిల్లీ గుబురుగా పెరుగుతోంది, పూలు మాత్రం రావు. రోజూ నీళ్లు పోస్తున్నాం. (ఒంగోలు)

జవాబు: రోజూ పోయడమే కారణం. ఎండి, తర్వాత ఒక్కసారిగా తడిస్తేనే దానికి పూత. మూడు నాలుగు వారాలు నీళ్లాపి, ఆకులు కొద్దిగా వాలాక కుండీ కింది చిల్లులోంచి కారేదాకా పోయండి. వారంలోపు మొగ్గలొస్తాయి. పువ్వు ఒకటి రెండు రోజులే ఉంటుంది కాబట్టి గుంపుగా పూయాలంటే 10 అంగుళాల కుండీలో 15 దుంపలు, 4 సెంటీమీటర్ల లోతున పెట్టండి. కుండీ కిక్కిరిసిపోయినా భయం లేదు, అలా ఉంటేనే బాగా పూస్తుంది. మీ వైపు నల్లరేగడి నేల నీరు పట్టి ఉంచుతుంది, దాన్ని కుండీలో నేరుగా నింపొద్దు. సగానికి సగం పెన్న ఇసుక కలపండి.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర, ఇసుక నేల. బోరునీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. ఏ లిల్లీ బతుకుతుంది? (కొత్తపట్నం)

జవాబు: స్పైడర్ లిల్లీ, క్రైనమ్. రెండూ స్వతహాగా సముద్రపు ఒడ్డున పెరిగేవే. క్రైనమ్‌కు మీటరు దూరం, స్పైడర్ లిల్లీకి మూరెడు దూరం ఇచ్చి, దుంప మెడ మట్టికి సమంగా ఉండేట్టు నాటండి. ఇసుకలో ఎరువు నిలవదు, గుంతకు అర తట్ట పశువుల ఎరువు వేసి పైన కొబ్బరిపీచు గానీ ఎండుటాకులు గానీ పరవండి. రెండింటి పూలూ సాయంత్రం విచ్చుకుని రాత్రంతా వాసన వేస్తాయి, పడగ్గది కిటికీ పక్కన పెట్టుకోవచ్చు.

ప్రశ్న: పూజకు రోజూ దండ వచ్చేలా పెరట్లో లిల్లీ వేయాలని ఉంది. ఎన్ని దుంపలు, ఏ రకం? (కావలి)

జవాబు: మీరడిగింది పూలమార్కెట్లో లిల్లీగా అమ్మే నేలసంపెంగ. దండకు ఒంటిరేకు రకాలే తీసుకోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రజ్వల్, శృంగార్ రెండూ బాగుంటాయి. శృంగార్‌కు వేరుముడి నులిపురుగును తట్టుకునే గుణం ఉంది, ఇంతకుముందు ఆ మడిలో టమాటా, వంగ వేసి ఉంటే అదే మేలు. సువాసిని, వైభవ్ ముద్దపూలు, ఫ్లవర్‌వాజుకు అందం, దండకు పనికిరావు.

రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు మడిలో వరసల మధ్య 30, దుంపల మధ్య 20 సెంటీమీటర్లు ఇస్తే 65, 70 దుంపలు పడతాయి. రెండు సెంటీమీటర్ల మందం తగ్గని దుంపలే ఏరండి. అప్పుడే తవ్వినవి కాకుండా, నెల రోజులు నీడలో ఆరినవి కావాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో 5 సెంటీమీటర్ల లోతున నాటితే మూడు మూడున్నర నెలలకు పూత మొదలవుతుంది. కాడ కింది నుంచి పైకి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటుంది, పూలు తెల్లవారుజామునే కోయండి.

మడిని జానెడు ఎత్తు లేపి చేయండి. వానాకాలంలో నీరు నిలిస్తే కాడ మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజంత గోధుమరంగు గింజలు కనిపిస్తాయి. మొదలుకుళ్లు అంటే అదే, వచ్చాక ఆ మొక్క దక్కదు. మట్టితో సహా తవ్వి పారేయాలి. రాకుండా నాటే ముందే 9 కిలోల పశువుల ఎరువు, కిలో వేపపిండిలో 200 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు బూజును అణిచే మేలురకం శిలీంధ్రం) కలిపి, తడిపి, గోనెపట్టా కప్పి పదిరోజులు నీడలో ఉంచి మడిలో వేయండి.

ప్రశ్న: పీస్ లిల్లీ ఆకుల కొసలు మాడిపోతున్నాయి. నీళ్లు తక్కువై కాదు. (కనిగిరి)

జవాబు: మీ ప్రాంతపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది ఆకు కొసకు చేరి పేరుకుంటుంది, అందుకే మాడటం కొసనుంచే మొదలవుతుంది. నీళ్లు రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే ఇంకా చిక్కనవుతుంది. వాననీరు, ఏసీ నుంచి కారే నీరు, ఆర్‌ఓ శుద్ధినీరు వాడండి. కుండీలో సూపర్ ఫాస్ఫేట్ వేయకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. ఇప్పటికే పేరుకున్నది పోవాలంటే కుండీ పరిమాణానికి మూడింతల వాననీరు నెమ్మదిగా పోసి కిందికి కారనివ్వండి. మాడిన కొస మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకును చూసి గుణం తెలుసుకోవాలి.